బాయిలర్ గదిలో మాస్కు లేని పెద్దాయన

ముందే చెప్పేస్తున్నాను, దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడు అసలే లేదు. ఇప్పుడు ఉందా అంటే, ఉందని కూడా చెప్పలేను. చిన్నప్పుడు మా చెరుకు ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో పొద్దుగూకితే పిల్లలెవరూ వాటర్ ట్యాంకు వైపు పోయేవారు కాదు, అక్కడ తెల్లగా ఏదో ఊగుతుందని. నేనొకరోజు టార్చిలైటు పట్టుకుని వెళ్ళి చూశాను. ఖాళీ సున్నం బస్తా. ఎవరో నిచ్చెన మెట్టుకి తగిలించి మర్చిపోయారు. ఆ తర్వాత ఇలాంటి కథలు ఎవరు చెప్పినా నాకు ఆ బస్తాయే కళ్ళముందు మెదిలేది.

నా ఉద్యోగం కూడా ఆ బాపతే. ఐర్లండ్‌లో వైద్య పరికరాలు తయారుచేసే ఒక ప్లాంటులో క్వాలిటీ ఇంజనీరుని. ఎక్కడైనా తేడా వస్తే అది ఎందుకొచ్చిందో తవ్వి తీయడం పని. ఈ సంగతిని కూడా అలాగే తవ్వాను. నాకు దొరికింది దొరికినట్టు రాస్తున్నాను.

అప్పుడు మేము ములింగార్‌కి బయట, పొలాల మధ్య ఒక పాత రాతి ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. నా భార్య సుజాత ఊళ్ళో ఆసుపత్రిలో నర్సు. ఆమె డ్యూటీకి దగ్గరలో ఇంకేదీ దొరక్క ఆ ఇల్లు తీసుకున్నాం. చుట్టూ ఆవులు, తడిగడ్డి, ఎప్పుడూ కురిసీ కురవని వాన. తీసుకున్నప్పుడు తిట్టుకున్నాం గానీ, ఇప్పుడు డబ్లిన్ సిటీవెస్ట్‌లో, ట్రామ్ చప్పుడు వినిపించే ఫ్లాటులో కూర్చుని తలుచుకుంటే, మేమిద్దరం అంత దగ్గరగా బతికిన ఇల్లు ఇంకోటి లేదనిపిస్తుంది.

ఆ ఇంటికి ఒక విచిత్రం ఉంది. ఇక్కడ పల్లెటూరి ఇళ్ళలో చాలావాటికి ఆయిల్‌తో నడిచే బాయిలర్లుంటాయి. అవి నీళ్ళని వేడిచేసి గదుల్లోని రేడియేటర్లకి పంపుతాయి, అంతే. ఈ ఇంట్లో మాత్రం ఆవిరి. ఇంటి వెనకగోడకి ఆనుకుని ఒక చిన్న గది, అందులో నా భుజం ఎత్తు ఇనుప బాయిలర్. దాని కింద ఆయిల్ మంట. నీళ్ళు మరిగి, ఆవిరి లావుపాటి గొట్టాల్లోంచి గదుల్లోకి వెళ్ళేది.

ఇంటావిడ పేరు నోరా. ఎనభై దాటిన మనిషి. కూతురి దగ్గరుండటానికి డబ్లిన్‌లో బోమాంట్ వైపు వెళ్ళిపోతూ తాళాలు మా చేతికిచ్చింది. ముందుగా ఆ బాయిలర్ గదికే తీసుకెళ్ళింది. "ఇది మా అన్న జిమ్ పిచ్చి. బోస్టన్‌లో ముప్పై ఏళ్ళు ఆవిరి గొట్టాల పని చేసొచ్చాడు. వేడినీళ్ళ రేడియేటర్లంటే ఆయనకి లెక్కలేదు. ఇది అక్కడినుంచే ఓడలో తెప్పించుకున్నాడు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది, ఇది మాత్రం పోవడంలేదు" అని నవ్వింది. ఆదివారం ఆదివారం బాయిలర్ పక్కనున్న గాజుగొట్టం చూసి, అందులో నీళ్ళు సగంకన్నా కిందికి దిగితే ఇత్తడి చక్రమున్న ఈ వాల్వ్ తిప్పి కాసిని నీళ్ళు వదలాలని చూపించింది. "అంతకుమించి దాన్ని కదపకు, యు'ల్ బి గ్రాండ్, ఏ ఇబ్బందీ ఉండదు" అంది.

నిజంగానే బాగుండేది. పొద్దున ఆరింటికి ముందు గొట్టాలు టిక్కుటిక్కుమనేవి. తర్వాత ఒక్కో గదిలో ఒక్కో రేడియేటరు సన్నగా బుసకొట్టేది. కుక్కరు విజిల్ వేసేముందు చేసే చప్పుడులా ఉందనేది సుజాత. ఆ బుస వింటూ ఇంకో పది నిమిషాలు దుప్పట్లో ఉండేవాళ్ళం.

నాకైతే ఆ చప్పుడు ఇంకా వెనక్కి తీసుకెళ్ళేది. మా నాన్న విజయనగరం జిల్లాలో ఒక చెరుకు ఫ్యాక్టరీలో బాయిలర్ అటెండెంటు. ఆయన చొక్కాల్లో ఎన్నిసార్లు ఉతికినా పోని చెరుకుపిప్పి బూడిద వాసన ఉండేది. క్రషింగ్ సీజన్లో మేము సైరన్ బట్టే లేచేవాళ్ళం, సైరన్ బట్టే తినేవాళ్ళం. అయితే నాన్న నన్ను బాయిలర్ హౌసు గుమ్మం తొక్కనివ్వలేదు. "నీకీ పని వద్దు, నీ చేతులు ఇలా కాకూడదు" అని తన అరచేతులు చూపించేవాడు. అందుకని నాకు ఆవిరి చప్పుడు తెలుసుగానీ ఆవిరి పని తెలీదు. నేను ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా నాన్న గుండెపోటుతో పోయారు.

అప్పట్నించీ మా ఇంటికి పెద్దదిక్కు అప్పల్నాయుడు మావయ్య. బంధువు కాదు, నాన్నతో ఒకే షిఫ్టులో ఇరవై రెండేళ్ళు పనిచేసినాయన. నాన్న సమాధి మీద శిలువకి ప్రతి క్రిస్మస్‌కీ సున్నం వేయించేది ఆయనే. వాళ్ళింట్లో మేము అరిసెలు తినేవాళ్ళం, మా ఇంట్లో వాళ్ళు కేకు తినేవాళ్ళు. రిటైరయ్యాక కూడా బొబ్బిలి దగ్గర కొడుకు ఇంట్లో ఉంటూ వారానికోసారి నాకు వీడియో కాల్ చేసేవాడు. మా బాయిలర్‌ని చూపించినప్పుడు ఆయన సంబరం చూడాలి. "ఓర్నాయనో, బొమ్మ బాయిలరు! ఇంటి ఎనకాల ఎట్టుకున్నావేటి అల్లుడూ!" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా మమ్మల్ని అడిగాక దాన్ని కూడా అడిగేవాడు.

ఇక ఆ జనవరి సంగతి. కరోనా మూడో దెబ్బ తగిలి ఊరంతా మూతపడిన రోజులు. ఐదు కిలోమీటర్లు దాటి వెళితే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కారాపి అడిగేవారు. సుజాత వాళ్ళ వార్డులో ఒక్కొక్కరుగా పడిపోయారు, చివరికి ఆమె కూడా. జ్వరం, ఒళ్ళునొప్పులు, గుక్కతిప్పుకోనివ్వని దగ్గు. వెనకగదిలో వేరుగా ఉండేది. నేను గుమ్మం దగ్గర గంజి పెట్టి దూరంగా నిలబడేవాణ్ణి. గంటగంటకీ వేలికి పెట్టుకునే ఆ చిన్న మిషన్లో ఆక్సిజన్ అంకె చూసి తలుపు వెనకనుంచి చెప్పేది. తను చెప్పేదాకా అక్కడినుంచి కదిలేవాణ్ణి కాదు.

ఆ వెనకగదికీ బాయిలర్ గదికీ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నాలుగోరోజు పొద్దున లేచేసరికి ఇల్లు చల్లగా ఉంది. రేడియేటర్లు ఒక్కటీ బుసకొట్టలేదు. బయట గడ్డంతా మంచుతో తెల్లగా గడ్డకట్టింది. సుజాత రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది. ఉన్న ఒక్క కరెంటు హీటరూ ఆమె గుమ్మంలో పెట్టి వెనక్కి వెళ్ళాను.

బాయిలర్ మండుతూనే ఉంది. అదీ నాకర్థంకానిది. ట్యాంకులో ఆయిల్ ఉంది, బర్నర్ హోరుమంటోంది, గాజుగొట్టంలో నీళ్ళు సగం దాకా ఉన్నాయి. కానీ ఆవిరి ఒత్తిడి చూపించే ముల్లు సున్నా దగ్గరే ఉంది. గదిలో ఇస్త్రీపెట్టె మాడినప్పటి వాసన.

ఊళ్ళో బాయిలర్లు చూసే ఇద్దరికి ఫోన్ చేశాను. ఇంట్లో పాజిటివ్ ఉందని చెప్పగానే ఇద్దరూ పది రోజుల తర్వాత వస్తామన్నారు. తప్పుపట్టలేను. వాళ్ళ ఇళ్ళలోనూ ముసలివాళ్ళున్నారు.

అప్పుడు మావయ్యకి వీడియో కాల్ చేశాను. మాకు పొద్దున పదకొండు కావస్తోంది, వాళ్ళకి సాయంత్రం. ఫోన్ని బాయిలరెదురుగా గోడకున్న చెక్క అరమీద నిలబెట్టాను, నేనూ బాయిలరూ ఇద్దరం కనిపించేలా. పక్కగోడకున్న తలుపు కూడా అందులో పడుతుంది. అది ఓరగా తీసి ఉంది.

మావయ్య అంతా విని, "సీసాలో నీల్లు ఎన్నాల్నించి సగానికున్నాయి?" అని అడిగాడు.

మూడు వారాలుగా గీత కూడా తగ్గలేదనీ, ఆదివారం నీళ్ళు వదలాల్సిన పనే రాలేదనీ కాస్త గొప్పగానే చెప్పాను.

ఆయన మొహం మారిపోయింది. "తగ్గకపోడమేటి? ఆవిరి పుట్టాక నీల్లు తగ్గాల. సీసాని నమ్మకు అల్లుడూ. దాని కింద చిన్న కుళాయి ఉంటాది, ఇప్పు. నీల్లు కారిపోయి మల్లా పైకి వత్తే మంచిదే. రాకపోతే మాత్తరం..."

అక్కడ ఆగిపోయింది కాల్. ఆయన బొమ్మ నోరు తెరిచి అలాగే బిగుసుకుపోయింది.

నేను కుళాయి విప్పాను. గాజులో నీళ్ళు గుడగుడమని కారిపోయాయి. మళ్ళీ పైకి రాలేదు. ఒక్క చుక్క రాలేదు. అంటే కింద దారి మూసుకుపోయి, ఆ సగం నీళ్ళు మూడు వారాలుగా గాజులోనే ఇరుక్కుని ఉన్నాయి. అసలు బాయిలర్లో నీళ్ళు లేవు. ఖాళీ ఇనుము కింద మంట హోరుమంటోంది.

ఆ క్షణంలో ఎవరైనా ఏం చేస్తారు? నీళ్ళు లేవు కాబట్టి నీళ్ళు పోస్తారు. నేనూ అదే చేయబోయాను. ఇత్తడి చక్రం మీద చెయ్యివేసి తిప్పాను.

కదల్లేదు.

ఆదివారాలు నేను రెండువేళ్ళతో తిప్పే చక్రం అది. బలం పెట్టి తిప్పాను. రెండుచేతులా పట్టుకుని, కాలు గోడకి తన్నిపెట్టి తిప్పాను. వెంట్రుకవాసి కదల్లేదు. నాకు బాగా గుర్తున్నది ఒకటుంది. తుప్పుపట్టిన వాల్వ్ కొంచెం గరగరమని, కొంచెం ఇచ్చి ఆగుతుంది. ఇది అలా లేదు. అవతలనుంచి సమానంగా ఎవరో బిగించి పట్టుకున్నట్టుంది. ఈ పోలిక నేను తర్వాత కల్పించుకున్నది కాదు. అప్పుడే అనిపించింది. "ఎవడ్రా పట్టుకుంది" అని తెలుగులో పైకే తిట్టాను కూడా.

రెంచీ కోసం పెరట్లో షెడ్డుకి పరిగెత్తాను. వెతికి తెచ్చి గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఫోన్లోంచి మావయ్య గొంతు గట్టిగా వినిపిస్తోంది.

"ఆయన మాటిను బాబూ! ఆయనకి ఎరికే! నీల్లెట్టకు! ముందు మంటార్పీ, సల్లారనీ!"

ఆయన ఎవరని నాకు సందేహం రాలేదు. మావయ్య మా నాన్నని ఎప్పుడూ పేరుపెట్టి అనడు, చాలాసార్లు ఆయన అనే అంటాడు. నాన్న ఎప్పుడో చెప్పిన మాటేదో గుర్తుచేస్తున్నాడనుకున్నాను. ఆ గొంతులో భయం విని రెంచీ పక్కన పడేశాను. తలుపు పక్కనున్న ఎర్ర స్విచ్చి ఆపాను. మంట హోరు ఆగింది. ఆ నిశ్శబ్దంలో, గోడ అవతలనుంచి సుజాత దగ్గు వినిపించింది.

కాల్ మళ్ళీ తెగిపోయింది. ఒక నిమిషానికి మావయ్య నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. రేపటిదాకా దాని జోలికి పోవద్దని, ముందు అమ్మాయిని వెచ్చగా చూసుకోమని. నేను అలాగే చేశాను. సీసాల్లో వేడినీళ్ళు పోసి పాత సాక్సుల్లో చుట్టి గుమ్మం దగ్గర పెట్టాను. మిరియాల చారు కాచాను. ఆ సాయంత్రం ఆమె అంకె ఒకటి తగ్గింది. ఇంకా తగ్గితే ఆసుపత్రేనని ఆమే చెప్పింది, పేషెంటు గురించి చెప్పినంత మామూలుగా. నేను తలుపు ఇవతల నేలమీద దుప్పటి పరుచుకుని పడుకున్నాను.

మర్నాడు పొద్దున మావయ్యే ఫోన్ చేశాడు. సుజాత ఎలా ఉందని అడిగాడు. తెల్లారేసరికి అంకె మళ్ళీ పెరిగిందని చెప్పాను. ఆయన దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత కొంచెం కోపంగా అన్నాడు.

"అల్లుడూ, ఇంట్లో కరోనా ఎట్టుకుని ఆ ముసిలాయన్ని అంత దగ్గరికి రానిత్తావేటి? మాస్కు కూడా నేదు ఆయనకి. పెద్దవయసు. ఏటన్నా అయితే?"

ఏ ముసలాయన మావా అన్నాను.

"అదేటి, నిన్న నీ పక్కన నిలబడ్డాయన. తెల్లాయన."

నేను నవ్వాను. ఫోన్లో వెలుతురు సరిగా లేక నా నీడ చూసుంటావన్నాను. ఆయన ఒప్పుకోలేదు. జరిగింది వరసగా చెప్పాడు. నేను ఎదురు మాట్లాడకుండా విన్నాను, ఆ రోజే కాగితం మీద రాసుకున్నాను కూడా. అందుకే ఇప్పుడు ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను.

మావయ్య వైపు వీడియో ఆగిపోలేదట. నా గొంతు వినిపించలేదుగానీ బొమ్మ బాగానే వచ్చిందట. నేను చక్రం పట్టుకోగానే ఆయన వద్దు వద్దని అరిచాడట. నాకు వినపడటం లేదని అర్థమై కాళ్ళూచేతులూ ఆడలేదట. అప్పుడు నా వెనక తలుపు తోసుకుని ఒక పెద్దాయన లోపలికొచ్చాడు. పొడుగు మనిషి. ముందుకి అంచున్న చదునుటోపీ. ముదురురంగు చొక్కా, మోచేతులదాకా మడిచిన చేతులు. ఎడమ మణికట్టుకి తెల్ల జేబురుమాలు కట్టుకున్నాడు. వచ్చి ముందు బాయిలర్ తలుపు దగ్గర అరచెయ్యి తిరగేసి, వెనకచేత్తో వేడి చూశాడు. తర్వాత నా పక్కనుంచి వంగి, చక్రం మీదున్న నా చెయ్యి మీద తన చెయ్యి వేశాడు. నేను రెండుచేతులతో గుంజుతుంటే ఆయన ఒంటిచేత్తో ఆపి ఉంచాడు. తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు ఆయన్ని సూడనైనా సూడనేదు. రెంచీకని బయిటికి ఎల్పోయావు. ఆయన అక్కడే నిలబడి, ఫోనుకేసి సూసి, ఇలగ తలూపాడు. నాను కంగారు పడక్కర్నేదని అన్నట్టు. అద్గదీ, పనోడంటే ఈయనరా అనుకున్నాను. వెనకచేత్తో వేడి సూడ్డం మీ నాన్నా, నానూ తప్ప ఎవులూ సెయ్యగా సూణ్ణేదు. అంత సాయం సేసినాయన్ని నువ్వు పలకరించనైనా నేదు."

నేను తిరిగొచ్చినప్పుడు ఆ గదిలో ఎవరూ లేరు. షెడ్డుకీ గదికీ మధ్య పెరడు మూడంగలు. ఎవరొచ్చినా, ఎవరు వెళ్ళినా నన్ను దాటుకునే పోవాలి.

అయినా అప్పటికి నాకు ముఖ్యమైంది ఇల్లు వెచ్చబడటం. మావయ్య ఫోన్లో ఉండి చెబుతుంటే పని మొదలుపెట్టాను. బాయిలర్ పూర్తిగా చల్లారింది. గాజుగొట్టం కింద బిరడా విప్పి తీగతో పొడిచాను. ఎర్రటి బురద, చిక్కటి ముద్ద. నీళ్ళు తగ్గితే మంట దానంతటదే ఆగడానికి పక్కన ఒక తేలుడు బుడ్డి ఉంటుంది. అది కూడా అదే బురదలో కూరుకుపోయి ఉంది. అందుకే మంట ఆగలేదు. రెండూ కడిగాను.

తర్వాత నీళ్ళు వదలాలి. ఇత్తడి చక్రం మీద చెయ్యి వేయడానికి నాకు కాసేపు ధైర్యం చాల్లేదు. వేశాక రెండువేళ్ళతో తిరిగింది. ఎప్పటిలాగే.

నీళ్ళు నెమ్మదిగా నింపి బర్నర్ బటన్ నొక్కాను. మంటందుకుంది. అరగంటకి గొట్టాలు టిక్కుటిక్కుమన్నాయి. సుజాత గదిలో రేడియేటర్ బుసకొట్టినప్పుడు ఆమె చెంచాతో గోడమీద మూడుసార్లు కొట్టింది. నేను బాయిలర్ గదిలో కూర్చుని ఏడ్చాను. ఫోన్లో మావయ్య చూస్తూ, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

ఆ వారం సుజాత కోలుకుంది. అప్పుడు మొదలుపెట్టాను నా తవ్వకం.

ముందు నోరాకి ఫోన్ చేశాను. బాయిలర్ సంగతి చెప్పి, చూసి రమ్మని ఎవరినైనా పంపారా అని అడిగాను. లాక్‌డౌన్లో ఎవరిని పంపుతానంది. అప్పుడు తటపటాయిస్తూ మావయ్య చెప్పినది చెప్పాను. టోపీ అన్నాను. ఆ వయసు ఐరిష్ వాళ్ళు సగంమంది అలాంటి టోపీ పెట్టుకుంటారని నవ్వింది. జేబురుమాలు అన్నాను.

ఆమె నవ్వు ఆపేసింది.

"ఏ చేతికి?" అని అడిగింది.

ఎడమచేతికన్నాను.

"బోస్టన్లో అలవాటైంది. చెమట అరచేతిలోకి దిగితే రెంచీ జారుతుందని. చలికాలంలో కూడా కట్టుకునేవాడు. ఆ పాత గుడ్డ తియ్యమని మా అమ్మ పోట్లాడేది." ఆ తర్వాత, "మనిషి బాగున్నాడా చూడ్డానికి?" అంది. బాగున్నారనే చెప్పాను.

ఆ ఇంట్లో జిమ్ ఫోటో ఒక్కటి కూడా లేదు. నోరా అన్నీ వెంట తీసుకెళ్ళింది. నేనే చూడనివాణ్ణి, మావయ్యకి చూపించే అవకాశమే లేదు. అమెరికాలో పనిచేసొచ్చినాయన ఎవరో ఈ బాయిలర్ పెట్టించాడని మాత్రం ఎప్పుడో చెప్పి ఉంటాను. పోయాడని చెప్పలేదు.

నోరా కూతుర్ని ఫోటోలు అడిగాను. జిమ్‌వే కాదు, ఆ కుటుంబంలో అదే వయసు మగవాళ్ళవి ఇంకో రెండు కూడా కావాలన్నాను. మూడూ టోపీలతోనే ఉన్నాయి. ఏ ఫోటోలోనూ మణికట్టు కనబడకుండా కత్తిరించి, పేర్లు రాయకుండా మావయ్యకి పంపాను. రెండోదే ఆయనని వెంటనే జవాబొచ్చింది. "ఇందులో కొంచెం ఒళ్ళు సేసున్నాడు. మిగతా ఇద్దరూ ఎవులు? ఆయన తమ్ముల్లా?"

రెండోది జిమ్.

మార్చిలో ఒక మెకానిక్ వచ్చి బాయిలర్ అంతా చూశాడు. కింద ఇనుము రంగుమారిన చోట వేలితో రాసి, అప్పుడు నీళ్ళు పోసి ఉంటే ఏమయ్యేదో చెప్పాడు. ఎర్రగా కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే అది పగిలి, ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. నువ్వూ ఉండవు, ఆ వెనకగోడా ఉండదన్నాడు. వాల్వ్ ఎందుకు బిగిసిందని అడిగాను. పక్కన అంత వేడుంటే ఇత్తడి వ్యాకోచించి పట్టేసి ఉండొచ్చన్నాడు. అది నాకు నచ్చింది. సరైన కారణమే. కానీ అది వాల్వ్‌కి సరిపోతుంది, మావయ్య చూసినదానికి సరిపోదు.

సుజాతకి అంతా చెప్పాను. ఆమె వార్డులో చాలామంది చివరి ఘడియలు చూసిన మనిషి. ఆశ్చర్యపోలేదు. "ఎవరి చెయ్యి పంపాలో దేవుడికి తెలుసండీ" అని ప్రార్థన చేసుకుని, ఆ మాట అక్కడితో వదిలేసింది. నేను వదల్లేకపోయాను.

మావయ్యకి ఒకసారి నిజం చెప్పబోయాను. అక్కడ ఎవరూ లేరు మావా, ఆయన పోయి పన్నెండేళ్ళయింది అందామనే మొదలుపెట్టాను. అక్కడ ఎవరూ లేరనేదాకా వచ్చానో లేదో ఆయన నవ్వేశాడు. "మొన్ననే శుక్లాలు తీయించుకున్నాను. ఇప్పుడు సూదిబెజ్జం కనబడతాది నాకు. మనిసి కనబడ్డేటి?" అన్నాడు. ఆ ఏడాదే ఆయన స్నేహితులు ముగ్గురు కరోనాతో పోయారు. ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. తనతో ఆ పని గురించి మాట్లాడటానికి ఒక్కరూ మిగల్లేదు. ఇక చెప్పబుద్ధి కాలేదు.

అలా మొదలైంది ఇంకో వింత. ప్రతివారం ఆయన జిమ్ గురించి అడిగేవాడు. ఆయన సర్వీసు ఎన్నేళ్ళు? అక్కడ బొగ్గా, ఆయిలా? షిఫ్టు ఎన్ని గంటలు? నేను నోరాని అడిగి కనుక్కుని చెప్పేవాణ్ణి. బోస్టన్‌లో మంచుకురిసే పొద్దుటపూట ఆసుపత్రి బాయిలర్ ఆగిపోతే జిమ్ నడుచుకుంటూ వెళ్ళి బాగుచేసిన కథ నోరా చెబితే, అది మావయ్యకి చెప్పాను. మావయ్య బదులుగా, తుపానులో తనూ మా నాన్నా రెండు షిఫ్టులు కలిపి బాయిలర్ నిలబెట్టిన కథ చెప్పి, "ఇది ఆయనకి సెప్పు" అనేవాడు. అది నేను నోరాకి చెప్పేవాణ్ణి. మా నాన్న గురించి నాకు అంతకుముందు తెలియని సంగతులు ఎన్నో ఆ రెండేళ్ళలోనే తెలిశాయి. ఒకాయన ఫ్యాక్టరీ, ఇంకొకాయన బోస్టన్, మధ్యలో నేను. పని తెలియనివాణ్ణి.

తర్వాత నోరా ఇల్లు అమ్మేసింది. కొన్నవాళ్ళు ఆ బాయిలర్‌ని ముక్కలుచేసి తీసేశారని విన్నాను. మేము డబ్లిన్ వచ్చేశాం. మావయ్యకి ఆ సంగతి చెప్పలేదు.

పోయినేడు ఆయనకి ఒంట్లో బాగోలేదు. చివరిసారి వాళ్ళబ్బాయి ఫోన్ పట్టుకుంటే మాట్లాడాడు. మనిషి సగమయ్యాడు. సుజాతని అడిగాడు, నా ఉద్యోగం అడిగాడు. కాసేపు ఆయాసపడి, "ఆ తెల్లాయన బాగున్నాడా?" అన్నాడు.

బాగున్నారు మావా అన్నాను.

"నానడిగానని సెప్పు. మరిసిపోకు."

పదిరోజులకి పోయాడు.

ఆ నెలలోనే ఒక ఆదివారం కారేసుకుని ములింగార్ వెళ్ళాను. సుజాత కూడా వచ్చింది. నోరా చెప్పిన గుర్తుల ప్రకారం చర్చి వెనకున్న శ్మశానంలో వెతికితే జిమ్ రాయి దొరికింది. సన్నగా వాన పడుతోంది. సుజాత గొడుగు పట్టుకుని కొంచెం దూరంలో నిలబడింది. నేను ఆ రాయి ముందు నిలబడి, అప్పల్నాయుడు మావయ్య మిమ్మల్ని అడిగారని తెలుగులోనే చెప్పాను. ఆయన పోయారని కూడా చెప్పాను. ఇంగ్లీషులో చెప్పాలని అప్పుడు నాకు తోచలేదు.

అక్కడ ఏమీ జరగలేదు. ఆకు కూడా కదల్లేదు. వెనక్కొచ్చి కార్లో కూర్చున్నాం.

ఆ రోజు మావయ్య ఎవర్ని చూశాడో, మూడు ఫోటోల్లో ఒక్కదాన్నే ఎలా పట్టుకున్నాడో నాకు ఇప్పటికీ తెలీదు. ఇన్నేళ్ళుగా నేను రాసుకున్న కాగితాలన్నీ ఉన్నాయి, ఎన్నిసార్లు చదివినా కారణం మాత్రం దొరకలేదు. దయ్యాల్ని నమ్ముతావా అని ఎవరైనా అడిగితే లేదనే అంటాను. మరి ఆ శ్మశానంలో ఎవరితో మాట్లాడారని సుజాత కార్లో అడిగింది. వైపర్లు వేసుకుని ఇంటికొచ్చేశాం.